మా మామ కడిగిన మంచాలు

పోయిన నెల మా మామ చనిపోయారు. నా భర్త తండ్రి. చిత్తూరులో ఒక హైస్కూల్లో చాలా కాలం డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆ పొద్దున కాఫీ తాగి, గ్లాసు పక్కనున్న స్టూలు మీద పెట్టి, మళ్ళీ మంచం మీద ఒరిగారు. నేను గ్లాసు తీసుకుందామని వెళ్ళేసరికి ఆయన లేరు. ల్యాబులో పనిచేసేదాన్ని కాబట్టి మణికట్టు పట్టుకోగానే తెలిసిపోయింది. అయినా రెండోసారి పట్టుకుని చూశాను.

తొమ్మిదింటికల్లా చుట్టాలు వచ్చేశారు. ఆయన్ని హాల్లో చాప మీదికి దించి తలాపున దీపం పెట్టారు. మా అత్త ఏడుపు ఇంకా గొంతు దాటి బయటికి రాలేదు. అప్పుడే, వరసకు ఆయనకు తమ్ముడయ్యే ఒక పెద్దమనిషి ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని ఆయన గదిలోకి తొంగి చూశాడు. చూసి నా భర్తను పిలిచాడు.

"అబ్బీ, ముందు ఆ మంచం బయట పారేయించు. పోయినోళ్ళ మంచం ఇంట్లో ఉండగూడదు. చెత్త ట్రాక్టరోళ్ళకు చెప్తే వాళ్ళే ఎత్తకపోతారు. ఊరికే కంపు."

గదిలో వాసన ఉన్న మాట నిజమే. రెండు నెలలు మంచాన పడ్డ మనిషి గది అది. కానీ నాకు రోత పుట్టింది ఆ వాసనకు కాదు. ఆ తువ్వాలుకు.

"ఆ మంచం జోలికి ఎవరూ పోవద్దు, చిన్నమామా," అన్నాను.

"ఏంటికమ్మా?"

"దాన్ని నేను కడుక్కుంటా."

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. మూడోనాడు పాలు పోసి వచ్చాక, అందరూ చూస్తుండగానే ఆ మంచాన్ని వాకిట్లోకి లాగి, వేడినీళ్ళలో చాకలి సోడా కలిపి కడిగి ఎండలో పెట్టాను. ఇప్పుడు దాని మీద మా అత్త పడుకుంటోంది. ఆ మంచం సంగతి అక్కడితో తీరిపోయింది. తీరనిది నా అసహ్యం. అందులో ఆ పెద్దమనిషి వాటా కొంచెమే. ఏడేళ్ళ కిందట ఆయన మాట్లాడినట్టే మాట్లాడి, ఆయన చేయమన్నదే చేసినదాన్ని నేను. అది చెప్పకుండా మా మామ గురించి మంచి మాటలు రాస్తే అంతకంటే రోత ఇంకోటి ఉండదు.

మా మామ రిటైరైన మరుసటి ఏడు నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. అప్పటికే ఆయన ఈ పని మొదలుపెట్టి ఉన్నారు. ఎలా మొదలైందో మా అత్త చెప్పింది. ఐరాల దగ్గర పల్లెలో ఆయన అక్క ఎనిమిది నెలలు మంచంలో ఉండి పోయింది. పదకొండో రోజు కర్మకు వెళ్ళి తిరిగి వస్తుంటే, ఊరి బయట చెత్తదిబ్బ మీద ఆ మంచం కనబడిందట. బోర్లా పడేసి ఉంది. మంచం కోళ్ళు నాలుగూ కాళ్ళలా పైకి లేచి ఉన్నాయి. వాటి మధ్య ఒక కుక్క పడుకుని ఉంది.

"మా అక్క ఎనిమిది నెల్లు పండుకునింది దాని మీద. ఆయమ్మను మోసిన మంచం చచ్చిన గొడ్డు మాదిరి కాళ్ళు పైకెత్తి పడుండాది," అన్నారట ఇంటికొచ్చి. మరుసటి రోజు ట్రాలీ ఆటో తీసుకుని వెళ్ళి దాన్ని చిత్తూరుకు తెచ్చేశారు.

మా అత్త గేటు మూసేసింది. "అది లోపలికొస్తే నేను బయటికి పోతా" అంది. ఆయన వాదించలేదు. ఇంటికీ కాంపౌండు గోడకూ మధ్య ఉన్న సందులో రేకులు కప్పించి, అక్కడ పెట్టుకున్నారు. తర్వాత ఇరవై ఏళ్ళు ఆ రేకుల కింద మంచాలు లేని రోజులు తక్కువ.

మన ఊళ్ళలో మనిషి పోయాక మంచం ఏమవుతుందో మీకు తెలియంది కాదు. ఎవరూ దాన్ని ఇంట్లో ఉంచుకోరు. ఏటి గట్టున పారేస్తారు, లేదంటే రోడ్డు మీద పెట్టి ఎవరు ఎత్తుకుపోతారా అని తలుపు సందులోంచి చూస్తారు. మా మామ వాటిని తెచ్చేవారు. కడిగి, గీకి, రంగు వేసి, నేల మీద పడి ఉన్న రోగులకు ఇచ్చేవారు. ఎవరికిచ్చినా ఆ మంచం మీద మనిషి పోయిన సంగతి ముందే చెప్పేవారు. దాచి ఇవ్వడం ఆయనకు చేతకాదు. మొదటి మంచం, వాళ్ళ అక్కది, వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసే ఆమె అడిగిందట. ఆమె భర్తకు పక్షవాతం. మా మామ ఆ మంచం సంగతి చెబితే ఆమె నవ్విందట.

"మా ఇండ్లల్లో నేల మీదనే పోతాం సార్. మీ అక్క మంచం మీద పోయినాదంటే పున్నెం చేసుకున్న మనిషి. ఈండి, తీసకపోతా."

"ఏం రంగు వెయ్యమంటావు?" అని ఆయన అడిగితే మాత్రం, "నన్నా సార్ అడిగేది?" అందట. రంగు నీ ఇష్టం అని ఆమెను ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు.

ఇవన్నీ వినడానికి బాగుంటాయి. ఆ సందు పక్క గదిలో కాపురం చేసినదాన్ని నేను. నాకు బాగుండలేదు. ఆ మంచాలు ఎట్లా ఉండేవో చెప్తాను. తల పెట్టుకునే వైపు పట్టె మీద నూనె, చెమట కలిసి నల్లగా పొర కట్టి ఉండేది. గోటితో గీకితే మైనంలా ఊడి వచ్చేది. చెక్కల మధ్య సందుల్లో ఎండిన అన్నం మెతుకులు, మందు సీసాల జిగట. కోడూ పట్టే కలిసే చోట వేడినీళ్ళు పోస్తే నల్లులు గుంపులుగా పైకి పాకేవి. అవి చితికిన వాసన, దాని మీద కిరసనాయిలు వాసన, ఆ రెంటి మీద ఎనామిల్ రంగు వాసన. కిటికీ మూసినా అన్నంలోకి వచ్చేసేది. నేను రోజంతా ల్యాబులో ముక్కూ మొహం తెలియని వాళ్ళ మూత్రం సీసాలు పట్టుకునేదాన్ని. ఇంటికొచ్చి మాత్రం ఆ సందు వైపు చూసి చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని. మా అత్త ఒకసారి అనేసింది కూడా.

"ఆడ జీతమిస్తారని కంపు రాదు గాబోలు నీకు."

మా మామ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. కొంగు కనబడితే బకెట్టు ఇంకొంచెం గోడ వైపు జరుపుకునేవారు.

కొన్నేళ్ళలోనే ఊళ్ళో ఆయన పేరు తెలిసిపోయింది. ఎవరింట్లో మనిషి పోయినా, "డ్రాయింగు సారుకు చెప్పండప్పా, ఆయనే ఎత్తకపోతాడు" అనేవాళ్ళు. ఏడేళ్ళ కిందట ఒక రోజు అలాగే ఎవరో ఫోన్ చేశారు. నేను పనికి వెళ్ళే దారే కాబట్టి ఆయన్ని నా స్కూటీ మీద ఎక్కించుకుని వెళ్ళాను. రెండంతస్తుల మిద్దె. గేటు దగ్గరే ఆ ఇంటి కొడుకు ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. వసారా దాటి ఒక గది. గదిలో టేకు మంచం. మంచం మీద ఒక ముసలమ్మ పడుకుని ఉంది.

బతికే ఉంది. కళ్ళు తెరిచి ఉన్నాయి.

"ఇదే సార్," అన్నాడు కొడుకు, పట్టె మీద వేళ్ళతో కొట్టి చూపిస్తూ. "బర్మా టేకు. ఈ పొద్దో రేపో అంటాండారు డాక్టర్లు. ఇప్పుడే ఒగసారి కొలుచుకుంటే, అయిపోయిన పూటనే మీరు ఎత్తకపోవచ్చు. ఆ పొద్దు మాకు పని జాస్తి ఉంటాది గదా."

ముసలమ్మ కుడి చేతి చూపుడువేలు దుప్పటి మీద కదిలింది. వినబడిందో లేదో నాకు తెలియదు. వినబడే ఉంటుంది.

మా మామ ఆమె వైపు వంగి రెండు చేతులూ జోడించారు. "అమ్మా, నమస్కారం. నీ మంచం శానా బాగుండాది. దాని మీద నువ్వే ఉండు తల్లీ." అంతే అని బయటికి వచ్చేశారు. కొడుకు వెనకాలే వస్తూ, "సార్, మల్ల ఎప్పుడొస్తారు?" అంటున్నాడు. రోడ్డు మీదికి వచ్చాక మా మామ కాలవ పక్కకు వెళ్ళి ఉమ్మేశారు. ఆయన అట్లా ఉమ్మడం అంతకు ముందు నేను చూడలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు. "బతికుండే మనిషి కింద మంచం కొలిచేదంట" అని ఒక్కసారి అన్నారు, ఎవరితోనూ కాదు.

ఆ కొడుకును నేను చాలా తిట్టుకున్నాను. ల్యాబులో అందరికీ చెప్పి మరీ తిట్టాను. నెల తిరక్కుండానే నేను చేసింది ఇది.

అది వానల కాలం. రెండేళ్ళు మంచంలో ఉండి పోయిన ఒకాయన మంచం ఆ రేకుల కింద ఉంది. మూత్రం చెక్కల్లోకి ఇంకిపోయింది. ఎన్నిసార్లు కడిగినా, వాన పడి గాలిలో తేమ పెరగగానే ఆ వాసన మళ్ళీ లేచేది. ఎండ వస్తే గానీ ఆరదు, ఆరితే గానీ రంగు వేయడానికి లేదు. "తడి చెక్క మీద రంగు పూస్తే, పైన నిగనిగమంటాది, లోపల కుళ్ళుతాది" అని ఆయన ఎండ కోసం కాచుకుని ఉన్నారు. అవతల మా పాపకు చెవులు కుట్టించే రోజు దగ్గరపడింది. తిరుపతి నుంచి మా పుట్టింటివాళ్ళు వస్తున్నారు. మా వదిన నోరు నాకు తెలుసు. ఈ వాసన ఆమె ముక్కుకు తగిలితే తిరుపతిలో ఎన్ని ఇళ్ళకు చేరుతుందో తెలుసు.

ఆ మంగళవారం మామ కళ్ళ పరీక్షకు తిరుపతి వెళ్ళారు. మా అత్త కూడా వెంట వెళ్ళింది. పాత సామాన్లు కొనేవాడి బండి మా వీధిలోకి వచ్చింది. నేను గేటు తీసి పిలిచాను.

"ఈ మంచం తీసకపో. నాకు డబ్బులేం వద్దు."

వాడు వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "హోటలోళ్ళకు పొయ్యిలోకి ఏస్తా లేక్కా" అని ఎక్కించుకుని వెళ్ళాడు. నేను ఆ చోట రెండు బకెట్ల ఫినాయిల్ నీళ్ళు కొట్టాను.

సాయంత్రం మామ వచ్చి సందులోకి చూసి, "మంచం యాడమ్మా?" అన్నారు.

"నేను పనికి పోయినప్పుడు గేటు తీసినట్టు ఉండాది మామా. ఎవరో ఎత్తకపోయినారు."

ఆయన సందులోకి వెళ్ళి ఖాళీ నేల చూశారు. ఫినాయిల్ వాసన వచ్చే ఉంటుంది. "పోనీలేమ్మా, అవసరం ఉండేవాళ్ళే ఎత్తకపోయింటారు. ఆరకముందే రంగు పుయ్యకుండా ఉంటే సాలు," అన్నారు. ఆ దొంగ మీద కూడా ఆయనకు ఆ బెంగే.

చెవులు కుట్టించడం బాగా జరిగింది. మా వదిన ఇల్లు శుభ్రంగా ఉందని మెచ్చుకుంది.

మా ల్యాబుకు ఐరాలలో ఒక చిన్న కలెక్షన్ సెంటరు ఉండేది. వారానికి రెండు రోజులు నేను అక్కడ కూర్చుని రక్తం తీసేదాన్ని. ఆరు వారాల తర్వాత ఒక అమ్మాయి వచ్చి, వాళ్ళమ్మ కదలలేకుండా ఉంది, ఇంటికి రమ్మని అడిగింది. వెళ్ళాను. రేకుల కప్పు వేసిన ఒంటి గది. వేరుశనగ మోపు మోస్తూ జారిపడి వాళ్ళమ్మకు తుంటి విరిగిందట. సిమెంటు నేల మీద గోనెపట్ట, దాని మీద పాత చీర, దాని మీద ఆమె. గోడ వారన వాన నీరు ఊరి గోనెపట్ట సగం తడిసి ఉంది. చెయ్యి అందడానికి ఆమెను పక్కకు తిప్పమన్నాను. తిప్పితే నడుము కింద పుండ్లు. పెద్దది నా అరచేయంత ఉంది. దాని అంచు చుట్టూ ఎర్రచీమలు.

చీమలు దులిపాను. రక్తం తీశాను. అది నా పని. ట్యూబు మీద పేరు రాస్తూ, మాటవరసకు అడిగాను. "నేల మీద ఏంటికి పండబెట్టినారు? మంచం లేదా?"

"చిత్తూర్లో డ్రాయింగు సారు ఒకాయన ఇస్తానన్న్యాడక్కా," అంది ఆ అమ్మాయి. "రంగు గూడా అడిగినాడు మా అమ్మను, ఫోన్లో. ఎండ రాంగానే ఏసి పంపిస్తానన్న్యాడు. ఆ మంచాన్ని ఎవురో దొంగనాయాళ్ళు ఎత్తకపాయినారంట. పాపం ఆయనే ఫోన్ చేసి, ఇంగోటి దొరికే దాకా ఓపిక పట్టమ్మా అని శానా బాధ పడినాడు."

నేను బయటికి వచ్చి ఇంటి వెనక గోడ పట్టుకుని కక్కేశాను. పదిహేనేళ్ళ ఉద్యోగంలో రోగి ఇంట్లో కక్కడం అదే మొదటిసారి. పుండు చూసి కాదు. ఫినాయిల్ కొట్టి నేను చెప్పిన అబద్ధం, "ఎవరో ఎత్తకపోయినారు" అన్న మాట తలుచుకుని. ఆ అమ్మాయి చెంబుతో నీళ్ళు తెచ్చి నా వీపు నిమిరింది.

"మొదటిసారి సూసినోళ్ళకు అట్లే అయితాదక్కా. ఏమనుకోవద్దు," అంది. నాకు క్షమాపణ చెప్పింది, ఆ పిల్ల.

ఆ సాయంత్రం మామ సందులో స్టూలు మీద కూర్చుని కిరసనాయిల్లో బ్రష్షులు కడుగుతున్నారు. నిలబడే చెప్పాను.

"మామా, ఆ మంచాన్ని ఎవరూ ఎత్తకపోలేదు. నేనే పాత సామాన్లోనికి ఇచ్చేసినాను."

ఆయన చేతులు ఆగాయి. "ఏంటికి?"

"కంపు కొడ్తాదని. మావాళ్ళు వస్తారని." తర్వాత ఐరాలలో చూసింది చెప్పాను. చీమల దాకా చెప్పాను.

ఆయన తల ఎత్తి నా ముఖం చూశారు. "ఛీ" అన్నారు.

గట్టిగా అనలేదు. పన్నెండు పదమూడేళ్ళుగా జనం రోతపడి పారేసినవాటిని చేతులతో కడిగిన మనిషి, దేనికీ ఆ మాట అననివాడు, నన్ను అన్నాడు. అనాల్సిన మాటే.

బ్రష్షులు అక్కడే వదిలేసి లేచి తన గదిలోకి వెళ్ళారు. కొంచెం సేపటికి సుత్తి చప్పుడు వినబడింది. అత్తా నేనూ పరుగెత్తాం. ఆయన తన మంచం మీది పరుపు కింద పడేసి, కోళ్ళ నుంచి పట్టెలు ఊడగొడుతున్నారు. వాళ్ళ పెళ్ళికి మా అత్త పుట్టింటివాళ్ళు చేయించిన మంచం అది.

"అది మన పెండ్లి మంచం గదప్పా!" అంది అత్త.

"దీని మీద ఎవురూ పోలేదు. కడిగే పని లేదు, ఎండ కోసరం కాసుకోనుండే పని లేదు," అన్నారు ఆయన, సుత్తి ఆపకుండా.

మరుసటి పొద్దున్నే ట్రాలీ ఆటోలో ఐరాలకు వెళ్ళాం. ఆయనా, నేనూ, విప్పిన మంచం. ఆ గదిలో ఆయనే బిగించారు. ఆ అమ్మాయీ నేనూ వాళ్ళమ్మను ఎత్తి పడుకోబెట్టాం. పైకి రాగానే ఆమె పట్టె మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ రుద్ది చూసింది. వెళ్ళేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ మామ నాతో మాట్లాడలేదు. ఆమె నాలుగు నెలలు బతికింది. పుండ్లు పూర్తిగా మానలేదు. ఆరు వారాలు ముందే మంచం ఎక్కి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలియదు అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

ఆ రోజు నుంచి మామ చాప మీద పడుకున్నారు. ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. పొద్దున లేవాలంటే గోడ పట్టుకుని రెండు మూడుసార్లు ప్రయత్నించాలి. నేను కొత్త ఇనప మంచం కొని తెచ్చాను. ఆయన దాని అట్టలు కూడా విప్పలేదు. నాతో మాటలు అన్నం, నీళ్ళు, కాఫీ వరకే. నా భర్త మధ్యలో దూరి, "వదిలెయ్ నాయనా, తెలిసో తెలియకో చేసింది" అంటే, "తెలిసే చేసింది" అన్నారు. నిజమే.

పది రోజులు చూశాను. ఒక ఆదివారం ట్రాలీ ఆటో పిలుచుకుని నీవా ఏటి గట్టుకు పోయాను. అక్కడ చెత్తలో ఒక మంచం సగం కూరుకుని ఉంది. ఎవరిదో తెలియదు. ఒక కోడుకి చెదలు, పట్టె మీద కాకి రెట్టలు, చెక్కల మీద నేను పేరు పెట్టి చెప్పగలిగిన మరకలు. ఆటో అతను ముట్టుకోనన్నాడు. నేనే లాగాను. ఇంటికి తెచ్చి సందులో పెట్టి, ముక్కుకు చున్నీ చుట్టుకుని వేడినీళ్ళు పోయడం మొదలుపెట్టాను. కొంతసేపటికి వెనకాల కుర్చీ ఈడ్చిన చప్పుడైంది.

"చున్నీ తీసెయ్," అన్నారు మామ. "ముక్కు మూసుకుంటే కండ్లు గూడా మూసుకుంటాయమ్మా. యాడ మురికి ఉండాదో కనపడదు."

తీసేశాను. వాసన మొహం మీద కొట్టినట్టు తగిలింది. ఏడుపొచ్చింది. ఆయన కుర్చీలోంచి కదలకుండా ఒక్కొక్కటే చెప్పారు. సోడా నీళ్ళు పోసి వెంటనే రుద్దకూడదు, మురికిని నాననివ్వాలి. గాజు పెంకుతో జిడ్డు గీకాలి, చెక్క పొడుగునే గీకాలి, అడ్డంగా కాదు. సందుల్లో వేపనూనె పోయాలి. చెదలు తిన్న చోట మెత్తటి చెక్కంతా గట్టి చెక్క తగిలే దాకా తవ్వి పారేయాలి. "పుట్టీ పెట్టి కప్పేస్తే ఎవురికీ తెలీదు గానీ, పండుకునేవాడి నడుముకు తెలుస్తాది" అన్నారు. ఆ కోడు పనికిరాదని తేలి వడ్రంగి దగ్గర కొత్తది చేయించాం. పట్టె సందులో తెల్లటి పొడుగు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. చీపురుతో ఊడవబోయాను.

"వాటిని అట్ల పారేయొద్దు. ఎవురో ఒకమ్మవి. ఆ మందారం చెట్టు మొదట్లో గుంత తీసి పెట్టు."

మూడు రోజులు ఎండబెట్టి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, ప్రైమర్ వేశాను. ప్రైమర్ ఆరాక మళ్ళీ రుద్దమన్నారు. రుద్దాను. ఏం రంగు వేయమంటారని అడిగితే, "నువ్వు కడిగిందే గదా, నీ ఇష్టం" అన్నారు. చింతపిక్క రంగు వేశాను. రెండో పూత ఆరిన రోజు ఆయన వచ్చి, అరచేత్తో పట్టె తడిమి చూసి, చాప తెచ్చి దాని మీద పరిచారు. అంతే. క్షమించానని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. పోయేదాకా దాని మీదే పడుకున్నారు. చిన్నమామ పారేయమన్నది దాన్నే.

తర్వాత ఆరేళ్ళు ఆదివారాలు ఆ సందులోనే గడిచాయి. నాకు వాసన రాకుండా పోయిందని చెప్తే అబద్ధం. ప్రతి మంచానికీ మొదటి బకెట్టు దగ్గర కడుపు తిప్పేది. ఒకసారి ఆయనతో అన్నాను, మీకు ఇన్నేళ్ళలో అలవాటైపోయిందా అని. "యాడమ్మా," అన్నారు. "నాకూ రోతనే. రోత పుట్టకపోతే కడిగేది ఏంటికి?"

చివరి రెండు నెలలు ఆయన్నే కడగాల్సి వచ్చింది. మగవాళ్ళు చూసుకుంటామన్నారు గానీ నా భర్త చేతులు మరీ గట్టిగా పట్టుకుని ఆయనకు నొప్పి పుట్టించేవి. ఒక పొద్దున ఒళ్ళు తుడుస్తుంటే ఆయన కళ్ళు మూసుకుని అడిగారు.

"కంపు కొడ్తాండానామ్మా?"

"కొడ్తాండారు మామా."

ఆయన పెదవులు నవ్వాయి. "అబద్ధం చెప్తావేమో అనుకున్యా."

పదకొండో రోజున మా వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. ఆయన ఫోటో, కింద "సేవామూర్తి" అని పెద్ద అక్షరాలు, దాని కింద ఫ్లెక్సీ వేయించిన వాళ్ళ ఫోటోలు. మొదటి ఫోటో తువ్వాలు పెద్దమనిషిది. టేకు మంచం కొలవమన్న కొడుకు కూడా వచ్చాడు. భోంచేసి, చెయ్యి కడుక్కుంటూ, "శానా మెతక మనిషి, ఎవుర్నీ ఒక మాట అన్నోడు కాదు" అన్నాడు. అన్నారు. నన్ను అన్నారు. నా దగ్గర ఉన్న వాటిలో నేను పోగొట్టుకోకూడదనుకునేది ఆ "ఛీ" ఒక్కటే.

కర్మలు అయిపోయాక నేను మళ్ళీ పనికి వెళ్ళడం మొదలుపెట్టాను. మొన్న బుధవారం ఊరి చివర కాలనీలో ఒక ఇంటికి వెళ్ళాను. మంచం మీద ఒక ముసలాయన ఉన్నాడు, మాట పోయింది. ఆయన భార్య నేల మీద చాప చుట్టి పక్కన పెడుతోంది. లేత పసుపు రంగు మంచం. మామ చేతి పూత చూడగానే తెలుసు నాకు. ఇది నేను పనికి పోయే రోజుల్లో ఆయనొక్కరే చేసింది. రక్తం తీసి, దూది నేల మీద పడితే తీయడానికి వంగాను. మంచం అడుగు కనబడింది.

అడుగున కూడా రంగు ఉంది. పైన పసుపు, కింద తేటైన నీలం. ప్రతి చెక్కకూ, సందు సందుకూ, పైన ఎంత నున్నగా వేశారో అంత నున్నగా. మా సందులో నేను చేసిన మంచాలను అడుగున ఎప్పుడూ ప్రైమరుతోనే వదిలేశాను. ఎవరు చూస్తారు?

"కింద ఏంటికి వేసినారవ్వా?" అని అడిగాను.

"ఇచ్చేటప్పుడు అడిగినాడమ్మా సారు. రాత్రి ఈయప్ప తావ ఎవురు పండుకుంటారు అని. నేనే, మంచం కింద నేల మీద అన్న్యా. మల్ల తీసకపోయి, రెండు దినాలకు తెచ్చినాడు ఇట్ల. నేను చెప్పల్యా, ఆయనకే తోచినాది." ఆమె చుట్టిన చాపను మంచం కిందికి మళ్ళీ పరిచింది. "పండుకోని సూడు."

నేను పడుకోలేదు, మోకాళ్ళ మీద వంగి తల వాల్చాను. ఆమె నా పక్కన వెల్లకిలా పడుకుంది. గదిలో మంచాన పడ్డ మనిషి వాసన నిండుగా ఉంది. మంచం అంచు మీదుగా ముసలాయన చెయ్యి కిందికి జారి ఉంది, ఆ నీలం పక్కన, ఎముకలన్నీ లెక్కపెట్టేటంత సన్నగా. ఆమె పడుకునే చెయ్యెత్తి, చూడకుండానే, ఆ వేళ్ళు పట్టుకుంది.